ఆకుపచ్చ బటన్

"ప్రాసెసర్‌ని ఆరు రెట్లు నెమ్మది చెయ్యి. పాత ఫోన్లలో మన వీడియో కాల్ సైట్ ఎలా ఏడుస్తోందో చూద్దాం," అన్నాడు టీమ్ లీడర్, టెస్టింగ్ చేసే అమ్మాయితో.

ఆమె ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ మార్చింది. అతను ఎదురు సీట్లోంచి వీడియో కాల్ చేశాడు. ఆమె తెర మీద ఆకుపచ్చ బటన్ వెలిగింది. నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కింది.

"ఎత్తవేం?" విసుక్కున్నాడతను.

"నొక్కుతూనే ఉన్నానండీ."

కాల్ దానంతటదే తెగిపోయింది. అతని తెర మీద 'జవాబు లేదు' అని పడింది. తెరని ఆమె వైపు తిప్పి చూపించాడు.

అది చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమైందమ్మా?"

"మా అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు మన సైట్లోంచే కాల్ చేశానండీ. అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేవు. ఎన్నిసార్లు చేసినా ఇదే పడింది. పోయేముందు కూడా నా మీద కోపం చావలేదనుకున్నా."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"తన చేతిలో ఉన్నది, నేను కొత్తది కొనుక్కుని తనకిచ్చేసిన పాత ఫోనండీ."



ఆమె కళ్లు తుడుచుకుని బటన్ ఉన్న చోట వేలు పెట్టింది.

"ఇంకోసారి చెయ్యండి సార్. పాపం, అక్క ఎంతసేపు నొక్కిందో చూస్తాను."