పాజిటివ్ తాత

"మళ్లీ పాజిటివే తాతా. నీకు విసుగు రాదు గానీ నాకొస్తోంది."

పక్క కిటికీ బయట నిలబడ్డ ముసలాయన మాస్కు వెనక నవ్వాడు. "నాకున్న రక్తం జబ్బు వల్ల ఆ వైరస్ నన్ను వదలదమ్మా. నా ట్యూబు మాత్రం రోజూ మిషన్లో పెట్టు."

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఎనిమిది వందల మంది. పొద్దున్నే అందరూ ట్యూబుల్లో ఉమ్మి ఇస్తారు. మిగతాదంతా యంత్రమే చూసుకుంటుంది. పచ్చదీపం వెలిగితేనే లోపలికి, ఎర్రది వెలిగితే పాజిటివ్.

ల్యాబ్‌లో ఆ అమ్మాయి చేరి నెల కాలేదు. వాళ్లన్నయ్య అక్కడే కటింగ్ మాస్టర్.

ఫ్యాక్టరీ మనిషి కూడా కాని ముసలాయన వల్ల రిపోర్టులో రోజూ ఒక ఎర్రచుక్క.

"ఊళ్లో వాళ్ల జబ్బు మన నెత్తినెందుకు? ఆపెయ్," అన్నాడు మేనేజరు.

మర్నాడు ఆమె ఆ కిటికీ రెక్కలు మూసేసింది.

"అమ్మా, ఆ మిషన్ చూసుకునే ఇంజినీరు గారు ఒక్క రోజూ మానొద్దన్నారు," బయటి నుంచి గొంతు.

"ఆయన బదిలీ అయి వెళ్లిపోయారు తాతా. ఇంటికెళ్లి పడుకో."

ఆ రోజు రిపోర్టులో సున్నా. మర్నాడూ సున్నా. సున్నా అంటే ఎవరికి చేదు? మేనేజరు మెచ్చుకున్నాడు. ఆమెకూ గర్వంగానే ఉంది.

తొమ్మిదో రోజు అన్నయ్యకు ఊపిరి అందలేదు. సాయంత్రానికి కటింగ్ సెక్షన్ నుంచి పదకొండు మంది ఆసుపత్రిలో చేరారు. పొద్దున వాళ్లందరికీ పచ్చదీపమే వెలిగింది.

ఆమె పాత ఇంజినీరుకి ఫోన్ చేసింది.

అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "పెద్దాయన ట్యూబుకి ఏ దీపం వెలిగింది?"

ఆమె పరుగున వెళ్లి కిటికీ తెరిచింది.

గట్టు మీద వరసగా ఆరు ట్యూబులు. మూతలు బిగించి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో తేదీ.

"ఆరు రోజులు వచ్చాడమ్మా. మీరే తీసుకుంటారనుకున్నా," అన్నాడు వాచ్‌మన్. "మొన్న పోయాడంట."

ఆమె ఆరింటినీ యంత్రంలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఒక్కటైనా ఎర్రగా వెలిగితే చాలనుకుంది.

ఆ యంత్రానికి చూపుందో లేదో ఇన్నాళ్లూ రోజూ చూసిపెట్టిన మనిషికి, ఆరుసార్లూ పచ్చదీపమే వెలిగింది.