సెలవు రోజు తగ్గే దగ్గు

గోనె సంచులు కుట్టే కార్ఖానా గుమ్మంలోనే మేస్త్రీ ఆమెను ఆపేశాడు.

"నీకు టీబీ అంట. కాదని ఆస్పత్రి కాగితం తెచ్చేదాకా లోపలికి రాకు."

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరైతేనేం? నిప్పు లేనిదే పొగ రాదుగా."

లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కొంగులన్నీ ముక్కుల మీదికి చేరాయి.

దగ్గుతో నిద్రపట్టడం లేదనీ, ఒళ్ళు తగ్గిపోతోందనీ ఆమె చెప్పుకున్నది ఇద్దరికే.

ఒకరు పక్క మిషను అక్క. తోడబుట్టకపోయినా మూడేళ్ళుగా ఒకే గిన్నెలో తిన్న మనిషి.

రెండోవాడు ఈమధ్యే ఊడ్చే పనిలో చేరిన పెద్దాయన, అందరూ బాబాయ్ అంటారు. మూతికి గుడ్డ కట్టుకుని, కనబడినవాళ్ళ ఆరోగ్యం గురించి కూపీ లాగుతుంటాడు. వారం కిందట ఆమెనూ అడిగాడు.

"సెలవు రోజున దగ్గు తగ్గుతుందా తల్లీ?"

"తగ్గుతుంది బాబాయ్. మర్నాడు పనిలోకి రాగానే మళ్ళీ మొదలు."

ఇంకెవరు చెప్పి ఉంటారు? ఆయనే.

"పెద్దవాడివని నోరు విప్పి చెప్పుకుంటే టాంటాం వేస్తావా?" గుమ్మంలోంచే అరిచింది. "నీ ఇంట్లో ఆడవాళ్ళకైతే ఇలాగే చేస్తావా?"

బాబాయ్ ఏదో చెప్పబోయాడు.

అక్క లేచి వచ్చింది. "నాకు మొదట్నించీ వీడి మీద అనుమానమే మేస్త్రీగారూ. ఆడవాళ్ళ దగ్గర వీడికేం పని?"

ఆ పూటే మేస్త్రీ ఆయన్ని పనిలోంచి తీసేశాడు. బాబాయ్ చీపురు గోడకు ఆనించి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

'నాకంటూ అక్క ఒక్కతి ఉంది' అనుకుంది ఆమె.

ఇంట్లో అత్తగారు కంచం, గ్లాసు వేరు చేసింది. భర్త పాపను తీసుకుని ఆడబిడ్డ ఇంటికి వెళ్ళాడు. "కాగితం రానీ, వస్తాం" అన్నాడు, వాకిట్లో నిలబడే.

రెండుసార్లు కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. నాలుగో రోజు డాక్టరమ్మ కాగితం చేతికిచ్చింది.

"నీకు టీబీ లేదమ్మా. ఊపిరితిత్తుల్లో గోనె దుమ్ము పేరుకుంది. మందులకు రేపు రా. ఆ దుమ్ముకి దూరంగా ఉంటే తగ్గుతుంది."

ఆమె కాగితం పట్టుకుని కార్ఖానాకు పరుగెత్తింది.

ఆమె మిషను మీద అక్క సొంత చెల్లెలు కూర్చుని సంచి కుడుతోంది.

మేస్త్రీ కాగితం చదివి తల గోక్కున్నాడు. "మరి నీకు రక్తం కూడా పడుతోందని మీ అక్కే కదా చెప్పింది? నిన్ను ఆపిన మర్నాడే చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

"రక్తమని నేనెప్పుడన్నాను అక్కా?"

అక్క సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది. "నీకు మొగుడి సంపాదనన్నా ఉంది. దానికేముంది?"

తిట్టబోయింది. దగ్గు వచ్చింది. ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు.

బాబాయ్ ఇల్లెక్కడో కాపలావాడికీ తెలియదు.

మర్నాడు మందులు తీసుకుంటూ అడిగింది. "దుమ్మని అంత తొందరగా ఎలా కనిపెట్టారమ్మా?"

"మీ కార్ఖానాలో ఊడ్చే పెద్దాయన నువ్వు రాకముందే వచ్చాడు. 'ఒకమ్మాయికి సెలవు రోజున దగ్గు తగ్గుతోంది, పంపిస్తాను, దుమ్ము సంగతి కూడా చూడండి' అన్నాడు."

"ఆయనెక్కడున్నాడమ్మా?"

"నిన్న సాయంత్రం వచ్చాడు. నీకు టీబీ లేదని చెప్తే ఇక్కడే కూలబడి ఏడ్చాడు. పని పోయిందట, ఇక ఈ ఊళ్ళో ఉండనని వెళ్ళిపోయాడు."

"నేను ఆయనకి ఏమీ కానే?"

డాక్టరమ్మ బీరువాలోంచి ఒక పాత ఎక్స్‌రే తీసి చూపించింది.

అది నాలుగేళ్ళ కిందట అదే మిషను మీద సంచులు కుట్టి, లేని క్షయకు ఏడాదిపాటు మందులు మింగి కన్నుమూసిన బాబాయ్ భార్యది.