ముప్పావు అంగుళం

"మామయ్యా, నీ ఎడమకాలు పొట్టా?" అంది నా ఫోన్ చూస్తూ మా మేనకోడలు. లాయరు పిల్ల, మెల్లగా అడగడం రాదు.

ఏదో బూట్ల కంపెనీ పంపిన మెసేజ్ అది. 'ముప్పావు అంగుళం పొట్టిగా ఉన్న మీ ఎడమకాలికి ఎత్తు బూట్లు, సగం ధరకే.'

పెళ్ళయిన ఏడాదికి గానీ మా ఆవిడే కనిపెట్టలేదు. ఆమె కాక తెలిసింది ఒక్కడికే. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ అనుమానం రాకుండా నా ప్యాంట్లు కుడుతున్న ఈ టైలరుకి. మేమున్నది వాడి కొట్లోనే.

"ఏరా, నీ టేపుకి నోరొచ్చిందా?" అన్నాను నవ్వుతూనే.

వాడు నవ్వలేదు. మిషన్ ఆపాడు. "ఎవరో కంపెనీవాళ్ళొచ్చి, కొలతల పుస్తకం ఫొటోలు తీసుకుని, బదులుగా ఈ కొత్త మిషనిచ్చార్రా. ఫోన్ నంబర్ల కోసమే అనుకున్నా."

"నా పేజీ కూడానా?"

"అన్ని పేజీలూ."

"అడక్కుండా ఇలాంటి మెసేజ్‌లు పంపడమే తప్పు మామయ్యా. నీ వివరాలు ఇచ్చినవాళ్ళ మీద కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు," అంది మేనకోడలు ఫోన్లో ఫారం తెరుస్తూ.

"నా పేరొద్దని చెప్పరా. తెలిస్తే ఇంకెవడూ నాకు కొలతలివ్వడు. నీ స్నేహితుణ్ణిరా," అన్నాడు వాడు.



"ఎవరిచ్చారు అన్నచోట ఏం రాయను మామయ్యా? నీ స్నేహితుడనా?"

"టైలరని రాయమ్మా."