తోక మీద ఎర్ర చుక్క

"కదలకు," అంది నెవెన దిండు గలీబులో ఉన్న పాముతో. "ఇరవయ్యారేళ్ళు బెల్‌గ్రేడ్‌లో ట్రామ్ నడిపినదాన్ని. టికెట్ లేనివాళ్ళని నీకంటే పొడుగువాళ్ళనే దింపేశాను."

తోక ఒక్కటే బయటికి లాగి, కొస మీద గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. మళ్ళీ వస్తే గుర్తుపట్టాలి కదా. విషం లేని పామే. కానీ మనిషంత పొడవుంది. నేలమాళిగ గోడ బీటలోంచి రోజూ తల బయటపెట్టి, ఊరగాయ జాడీల మధ్య నుంచి ఇంటి ఇల్లాలిలా ఆమెను ఎగాదిగా చూస్తోంది.

నెవెన బెదిరే రకం కాదు. ఈ కొండఊరికి వచ్చిన రెండు నెలల్లోనే అటకమీది బొద్దు ఎలుకల్ని తరిమేసింది. బంగాళాదుంపల మడి తవ్విన అడవిపందిని మూకుళ్ళు వాయించి పారదోలింది. ఇక మిగిలింది ఈ పాము.

కంచె అవతల పొరుగింటి స్తమెన మామ్మ చేతులు నలుపుకుంటోంది. ఎనభై దాటిన మనిషి, ఒంటరిది.

"వదిలెయ్ అమ్మాయ్. అది ఇంటిపాము. అది వెళ్ళిపోతే ఇంటిపెద్ద కూడా దాని వెనకే పోతాడు."

"ఇంటిపెద్దని నేనే మామ్మా. కావాలంటే మా ఆయన్ని అడుగు."

అరుగు మీద కాఫీ తాగుతున్న బోరివోయ్ నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గురువారం నీష్ పెద్దాస్పత్రిలో అతని గుండెకి ఆపరేషన్. కొండగాలి మంచిదని డాక్టరు చెబితేనే మొగుడూ పెళ్ళాలు బెల్‌గ్రేడ్‌లో ఇల్లు అమ్మేసి ఇక్కడికొచ్చారు.

స్తమెన మామ్మ తన ఇంటిపాము కథ మరోసారి చెప్పింది. ఒక ఏడాది గడ్డి కోస్తుంటే ఆమె భర్త కొడవలికి దాని తోక కొస తెగిందట. ఆ వేసవంతా ఆయన మంచం దిగలేదట. పాము కోలుకున్నాకే ఆయనా కోలుకుని, ఎనభై ఆరేళ్ళు బతికాడట. "ఆయన పోయాక ఇంటిపెద్దని నేనే. ఇప్పుడు అది నన్ను కాస్తోంది," అంది ముసలమ్మ. తోక కొస లేని ఆ పాము పెద్దమనిషి మామ్మ గడప దగ్గర ఎండ కాగడం నెవెన కూడా రెండుమూడు సార్లు చూసింది.

"మా ఆయన గుండె బాగుచేసేది డాక్టరు, పాము కాదు," అని గలీబు మూతి బిగించి కట్టింది. రెండు కొండలు దాటి, ఏరు దాటి, అవతలి ఒడ్డున ఓక్ చెట్ల కింద పాముని వదిలిపెట్టింది. తిరిగొచ్చాక గోడ బీట పూడ్చడానికి సిమెంటు కూడా కొని ఉంచింది.

గురువారం ఆపరేషన్ బాగానే జరిగింది. శనివారం బోరివోయ్‌కి గుండె లయ తప్పింది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరు బయటికొచ్చి, ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నాడు.

నెవెన నడవాలో బల్ల మీద కూర్చుంది. జీవితమంతా నిమిషం తేడా రాకుండా బండి నడిపిన మనిషికి చేతిలో ఏమీ లేకుండా కూర్చోవడం చేతకాలేదు. భయం వేసింది. ఉండుండి ఆ దిండు గలీబు కళ్ళముందు మెదిలితే, సిగ్గులేదా అని తనని తాను తిట్టుకుంది.

స్తమెన మామ్మకి ఫోన్ చేసింది. కోళ్ళ బాధ్యత ఆవిడకే అప్పగించి వచ్చింది మరి.

"ఎలా ఉన్నాడు?"

"బాగాలేదు మామ్మా."

"మీ నేలమాళిగ తాళంచెవి ఎక్కడుంది?" అని అడిగింది ముసలమ్మ.

"ఇప్పుడు దేనికి?"

"కోళ్ళకి గింజలు అయిపోయాయి. కింద ఇంకో బస్తా ఉందేమో చూస్తాను."

నెవెనకి ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ మనిషి చావుబతుకుల్లో ఉంటే ఈవిడకి కోళ్ళ గోల. పూలకుండీ కింద ఉందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి బోరివోయ్ గుండె దారిలో పడింది. మందు మార్చామని, అది పనిచేసిందని డాక్టరు చెప్పాడు. మూడు వారాల తర్వాత నెవెన భర్తని కారులో జాగ్రత్తగా ఇంటికి తీసుకొచ్చింది. పెరట్లో కోళ్ళు బాగానే ఉన్నాయి. కోళ్ళగూటి పక్కన తను పెట్టి వెళ్ళిన గింజల బస్తా ఇంకా సగం నిండుగానే ఉంది.

స్తమెన మామ్మ ఎండాకాలంలో శాలువా కప్పుకుని తన గడప మీద కూర్చుంది. కాస్త చిక్కింది.

"చూశావా మామ్మా? పాము పోయినా మనిషి తిరిగొచ్చాడు," అంది నెవెన.

ముసలమ్మ బోరివోయ్ వైపు తేరిపార చూసింది. "వచ్చాడు. నాకదే చాలు." శాలువా సర్దుకుని, "ఒక్క మాట అమ్మాయ్. ఆ గోడ బీట మాత్రం పూడ్చకు," అంది.

మంచి సంతోషం మీదుంది కాబట్టి నెవెన సరేనంది. ఫోన్లో విసుక్కున్నందుకు ముసలమ్మకి కూడా ఒక గ్లాసు పోయాలనుకుని, ప్లమ్ పళ్ళ సారా సీసా కోసం నేలమాళిగలోకి దిగింది.

జాడీల మధ్య పాము చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది.

నెవెనకి కోపం రాలేదు. నవ్వొచ్చింది. రెండు కొండలూ ఒక ఏరూ దాటి వచ్చిందంటే దాన్ని మెచ్చుకోవలసిందే. "సరేలే, ఈసారికి టికెట్ అడగను. ఉండు," అంది.

పాము తీరిగ్గా చుట్టలు విప్పుకుని బీటలోకి పాకసాగింది. తను పెట్టిన ఎర్ర చుక్క చూద్దామని నెవెన టార్చి వేసి వంగింది.

దాని తోకకి కొస లేదు.