పక్క సీటాయన

"ఇక్కడ కూర్చోవచ్చాండీ?" అని అడిగాడాయన.

టీచరమ్మ కిటికీలోంచి చూపు తిప్పింది. ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మిమ్మల్నెక్కడో చూసినట్టుందే!"

"నిన్నా మొన్నా కూడా ఈ సీట్లోనే కూర్చున్నానండీ."

"అయితే అడగడం దేనికి? కూర్చోండి" అంటూ చేతిసంచీ ఒళ్లోకి లాక్కుంది.

టూరు మొదలై అది మూడోరోజు. వేల ఏళ్ల నాటి కోటలూ, సమాధులూ, కూలిన సభామండపాలూ ఉన్న దేశం. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర పాఠం చెప్పిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? పుస్తకంలో అగ్గిపెట్టెంత బొమ్మలుగా చూపించినవన్నీ ఇప్పుడు మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూస్తోంది.

ఎండ ఆమె మొహం మీద పడుతుంటే ఆయన తెర లాగాడు. నీళ్లసీసా మూత వదులు చేసి ఇచ్చాడు.

"మీదే ఊరు?" అని అడిగింది.

చెప్పాడు.

"అరే, మాదీ అదే! ఎప్పుడూ కనిపించలేదే?"

"పెద్ద ఊరు కదండీ" అని బయటికి చూశాడు.

సభామండపం దగ్గర బస్సు ఆగింది. అరవై రాతి స్తంభాలు, పైన కప్పు లేదు. గైడు కుర్రాడు గొంతెత్తి, దాన్ని కట్టించిన రాజు ముప్పై ఏళ్లు ఏలాడన్నాడు.

"ఇరవై ఏడు బాబూ" అంది టీచరమ్మ. "చివరి మూడేళ్లూ కొడుకు చెరసాల్లో పెట్టాడుగా. అది ఏలడమెలా అవుతుంది?"

గైడు నాలిక కరుచుకున్నాడు. "అమ్మా, మీరు రోజూ వస్తే నా ఉద్యోగం గోవిందా!"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం చప్పట్లు కొట్టాడు. ఆమె సిగ్గుపడింది. పొగిడినందుకు కాదు, ఆయన కళ్లల్లో అంత సంతోషం చూసి.

పోయిన పరువు దక్కించుకోవాలని గైడు కెమెరా తీశాడు. "సార్, మేడమ్ పక్కన నిలబడండి. ఇంకాస్త దగ్గరగా."

ఆమె చటుక్కున జరిగింది. "ఆయనెవరో, నేనెవరో! విడివిడిగా తియ్యి బాబూ."

"నాకొద్దులే, ఆవిడకి తియ్యి" అన్నాడాయన. ఆమె సంచీ భుజాన వేసుకుని పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

మధ్యాహ్నం స్తంభాల నీడలో కూర్చున్నారు. ఆయన కమలాపండు ఒలిచి, పీచు తీసి, తొనలు ఆమె ముందు పెట్టాడు. మొహమాటపడుతూనే తింది.

"మా ఆయన బస్సు డ్రైవరు" అంది ఉన్నట్టుండి. "ఊరిజనమంతా ఆయన బస్సెక్కి ఎక్కడెక్కడో తిరిగొచ్చారు. నన్ను మాత్రం వచ్చే ఏడు, వచ్చే ఏడు అని ఊరించాడు. చివరికి రిటైరయ్యాక తీసుకెళ్తానన్నాడు."

"తీసుకురాలేదా?"

"ఏదీ? ఏం పని తగిలిందో ఏమో, నన్నొక్కదాన్నే పంపించాడు. బస్సుకి ఒక్క నిమిషం ఆలస్యం కానిచ్చేవాడు కాదు. నా దగ్గరికొచ్చేసరికి అన్నీ ఆలస్యమే." ఆమె నవ్వింది.

ఆయన నవ్వలేదు. చేతిలోని తొక్కని చిన్న చిన్న ముక్కలు చేస్తూ, "పెద్ద తప్పు చేశాడు" అన్నాడు.

ఆమెకి చర్రున కోపం వచ్చింది. "అనడానికి మీరెవరండీ? మా ఆయన్ని నేననొచ్చు. ఇంకొకళ్లంటే ఊరుకోను."

"ఇంకెప్పుడూ అననండీ" అన్నాడు.

మండపం దిగేటప్పుడు మెట్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఆమె కాలు జారింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. మెట్లు అయిపోయాయి, చెయ్యి వదల్లేదు. ఆమె కూడా విడిపించుకోలేదు. పది అడుగులు అలాగే నడిచాక, నిప్పు తగిలినట్టు లాక్కుంది.

సాయంత్రం తిరుగు ప్రయాణమయ్యారు. బస్సు హోటలు ముందు ఆగాక ఆయన మెల్లగా అడిగాడు.

"రేపు కూడా మీ పక్కన కూర్చోనా?"

"వద్దండీ" అంది. "మీరు మంచివాళ్లు. అదే నాకు భయంగా ఉంది. నేను పెళ్లయినదాన్ని."

ఆయన తలూపాడు. ఆమె గది తాళం తీసి, తలుపు తెరిచి పట్టుకుని, "గడియ పెట్టుకోండి" అన్నాడు. గడియ పడిన చప్పుడు విన్నాకే తన గదిలోకి వెళ్లాడు.

ఇంకా పొద్దు గుంకలేదు. ఆమె మంచమ్మీద కూర్చుంది. ముప్పై ఆరేళ్ల కాపురం. భర్త దగ్గర దాచిన మాట ఒక్కటి లేదు. ఇవాళ పరాయి మగాడి చేతిలో చెయ్యి పెట్టి పది అడుగులు నడిచింది. పైగా, ఆ పది అడుగులూ బాగున్నాయి.

హోటలు ఫోను దగ్గరికి లాక్కుంది. భర్త నంబరు కోసం ఏ పుస్తకమూ వెతకక్కర్లేదు, వేళ్లకే తెలుసు. అంతా చెప్పేయాలి. ఇక్కడొకాయన ఉన్నాడు, నాకు మనసు అదోలా అవుతోంది, మీరు వెంటనే వచ్చి నన్ను తీసుకెళ్లండి అనాలి.

గోడ అవతల, బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చున్న ఆయన జేబులో ఫోను మోగింది, ఆయన కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "చెప్పవే... నేను ఇంట్లోనే ఉన్నాను" అన్నాడు.