కడుపు వెనక రాళ్లు

డాక్టరు గదిలోంచి కొండల్ ఒక్కడే బయటికి వచ్చాడు. వరండాలో కూర్చున్న మేనమామ గట్టయ్య లేచి ఎదురెళ్లాడు.

"ఏమన్నడురా?"

కొండల్ గోడకు ఆనుకుని నెమ్మదిగా చెప్పాడు. కడుపు వెనక క్లోమం అని ఒకటి ఉంటుందట. ఎక్సరేలో దాని నిండా రాళ్లు కనబడ్డాయట. అది పాడైపోవడం వల్లే తిన్నది ఒంటికి పట్టడం లేదట, చక్కెర జబ్బు కూడా మొదలైందట. పూర్తిగా నయమయ్యేది కాదట, నొప్పి వస్తూనే ఉంటుందట.

"ఎందుకొచ్చిందట?"

"తాగుడుకు మామా. సారాకు."

గట్టయ్య నమ్మలేకపోయాడు. చెల్లెలు చనిపోయాక తన చేతుల మీద పెరిగిన పిల్లవాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో తన పక్కనే పని చేస్తాడు. ఎప్పటి నుంచి అని అడిగితే, బాయిలో చేరినప్పటి నుంచీ, ఎవరికీ తెలియకుండా అన్నాడు కొండల్. ఇద్దరూ కరీంనగర్ ఆస్పత్రి నుంచి బస్సెక్కి ఇల్లు చేరారు.

గట్టయ్య కూతురు తారాబాయిని కొండల్‌కే ఇవ్వాలని చిన్నప్పుడే అనుకున్నారు. రెండేళ్లుగా, అతను నొప్పితో మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నప్పుడల్లా ఇటుక వేడిచేసి, గుడ్డలో చుట్టి కాపడం పెట్టేది ఆమే. అతని కోసం ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకుని గోదాట్లో మునిగి వచ్చింది. పెళ్లయితే పిల్లగాని ఒళ్లు బాగుపడుతుందని ఇరుగుపొరుగు అంటే, బాగుపడకపోయినా చేసుకుంటానంది.

తండ్రి చెప్పింది ఆమె నమ్మలేదు. నేరుగా కొండల్ దగ్గరికే వచ్చి నిలబడింది.

"నా మొకం జూసి చెప్పు బావా. తాగినవా?"

"తాగిన. ఇడిసేది గూడ లేదు."

"రోగమే అయితే బతికినన్ని దినాలు మోసేదాన్ని బావా. ఇన్నేండ్లు అబద్ధమాడినోన్ని ఎట్ల నమ్మాలె?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఎండాకాలంలో తారాబాయికి ఇచ్చోడ ఊరి సంబంధం కుదిరింది. గట్టయ్య మేనల్లుణ్ణి పెళ్లికి పిలవలేదు. బాయి దగ్గర ఎదురుపడినా మొహం తిప్పుకున్నాడు. తల్లి లేని పిల్లగాన్ని సాకితే తాగుబోతు అయ్యాడని వాడలో అందరూ చెప్పుకున్నారు. కొండల్ ఎవరికీ ఎదురు చెప్పలేదు.

పెళ్లినాడు అతను డ్యూటీకి పోకుండా కరీంనగర్ బస్సెక్కాడు. డాక్టరు బరువు చూసి, ఇంకా తగ్గావన్నాడు. ఇన్సులిన్ సూది ఎలా వేసుకోవాలో చూపించాడు. వేళకు వండిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఎవ్వరు లేరు సారూ."

డాక్టరు కొత్త ఎక్సరేను వెలుతురుకు పెట్టి చూసి, నిట్టూర్చాడు.

"ఒక్క చుక్కా ముట్టనివాడికి ఇదెందుకొచ్చిందో మాకే తెలియడం లేదు కొండల్."