ఇనుపోడి దండం

హన్మకొండ గల్లీల్లో పడవలు తిరిగిన వరదకు మూడో ఏడు. ఆ ఏడే కాశిబుగ్గ అవతలి వడ్ల గోదాములోకి ఇనుపోడు వచ్చాడు.

కంపెనీ వాళ్లు దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. హమాలీల నోట్లో మాత్రం అది ఇనుపోడే. మనిషంత ఎత్తు, కాళ్లూ చేతులూ, ముఖంలో గాజు కళ్లు. లారీ దగ్గరికి నడిచిపోతుంది. బస్తా ఎత్తుకుంటుంది. తెచ్చి వరుసలో పెడుతుంది. మాట లేదు.

“బీడీ అడగడు, చాయ్ అడగడు, ఇంటికి పోతే పెండ్లాం లొల్లి లేదు. బతికితే వీని లెక్క బతకాలె,” అన్నాడు కట్టయ్య.

అందరూ నవ్వారు. మొగిలి నవ్వలేదు.

హమాలీల్లో అందరికన్నా పెద్ద మొగిలే. మోకాలు సరిగా వంగదు. వచ్చే నెల ఇంకొన్ని ఇనుపోళ్లు దిగుతాయని, ముసలోళ్లు ఇంటికి పోవాల్సి ఉంటుందని మేస్త్రీ సదానందం చెప్పాడు. ముసలోళ్లు అన్నప్పుడు మొగిలి వంకే చూశాడు.

ఇనుపోడికి కూడా మొగిలి మీదే కక్ష ఉన్నట్టుండేది. తడిసి బరువెక్కిన బస్తా మొగిలి వంతుకు వస్తే చాలు, అది ముందుకొచ్చి ఎత్తుకుపోయేది. మొగిలి ఎదురైతే పక్కకు జరిగి దారి ఇచ్చేది.

“ఎక్కిరిస్తాంది,” అనుకునేవాడు మొగిలి. 

అతనికి ఉన్న ఒక్క ధీమా బిడ్డ అనూష. చిన్నప్పుడు గోదాముకు సద్ది తెచ్చి, ఆటకు బస్తా మీద చెయ్యేస్తే, ఆ చేతి మీద ఒక్కటి కొట్టాడు మొగిలి. “నీ చెయ్యి బస్తాకు తాకొద్దు బిడ్డా. సదువుకో.” చదువుకుంది. ఇప్పుడు మడికొండ దగ్గర ఆఫీసులో కంప్యూటర్ కొలువు.

సాయంత్రం ఇంటికి రాగానే అనూష భుజాలు పట్టుకుని కూలబడేది.

“కంప్యూటర్ పనికి భుజాలెందుకు నొస్తయే?” అనేది తల్లి చిలుకమ్మ, బామ్ రాస్తూ.

“కూసొని కూసొని, అవ్వా.” తర్వాత తండ్రి వైపు తిరిగేది. “బాపూ, రేపు జర పోకు. ఇయ్యాల నీ మోకాలు వంగనే లేదు.”

“నీకెవలు చెప్పిండ్లు?”

“నీ నడక నాకెరుక లేదా?”

మొగిలికి ఒక అలవాటు ఉంది. పొద్దున మొదటి బస్తా ఎత్తే ముందు దాన్ని మెల్లగా రెండుసార్లు తట్టి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకుంటాడు. వాళ్ల నాయన చేసిన దండం అది. గోదాములో ఇంకెవరూ అట్లా చేయరు. మొదటి బస్తా ఎప్పుడూ మొగిలిదే.

ఆ రోజు మోకాలు సతాయించి ఆలస్యంగా వచ్చాడు. గోదాము గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇనుపోడు మొదటి బస్తా ముందు నిలబడి ఉంది. బస్తాను రెండుసార్లు తట్టింది. ఆ ఇనుప చెయ్యి గాజు కళ్లకు అద్దుకుంది.

గోదాము గొల్లున నవ్వింది.

“మొగిలన్నా, నీకు వారసుడు పుట్టిండే!” అన్నాడు కట్టయ్య.

మొగిలికి నెత్తురు తలకెక్కింది. పని గుంజుకున్నారు, సరే. నాయన ఇచ్చిపోయిన దండం కూడా గుంజుకుంటారా?

గోడకు ఆనించి ఉన్న గడ్డపార అందుకున్నాడు.

ఇనుపోడు అప్పటికే పై వరుసలో పెట్టడానికి బస్తాను తల మీదికి ఎత్తింది. మొగిలి పోయి సరిగ్గా దాని ముందు, ఆ బస్తా కిందనే నిలబడి, ఛాతీ మీద కొట్టాడు.

అది కదల్లేదు. మళ్లీ కొట్టాడు. రేకు లోపలికి పోయింది. పైకెత్తిన చేతులు వణికాయి గానీ బస్తాను వదల్లేదు. గాజు కళ్లు మొగిలి ముఖం మీదే ఉన్నాయి. కొట్టీ కొట్టీ, గడ్డపార చేతిలోంచి జారిపోయింది. ఆయాసపడుతూ వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు పడింది బస్తా. దాని వెంటే ఇనుపోడు.

“ఉత్త మొద్దుది! బస్తా ఇడిసిపెట్టి ఉరుకుడు గూడ తెల్వలే దానికి,” అన్నాడు కట్టయ్య.

లారీ వెనక్కి వస్తూ గుద్దిందని చెబుదామని అందరూ సమ్మక్క మీద ఒట్టేసుకున్నారు. మొగిలికి చాయ్ తాగించారు. చాలా రోజుల తర్వాత అతను నవ్వాడు.

ఆ సాయంత్రం అనూష అన్నం ముట్టలేదు. బామ్ అడగలేదు.

“నౌకరి పోయింది బాపూ.”

“ఏం తప్పు చేసినవని?”

“వాళ్లు చెప్పినట్టు ఇనలే.”

“రేపు పొద్దుగాల నేనొచ్చి మీ సారును అడుగుత.”

“వద్దు బాపూ. నీ కాళ్లు మొక్కుత, నువ్వు రావద్దు.”

ఆమె అతని ముఖంలోకి చూడలేదు. హమాలీ తండ్రి ఆఫీసుకు వస్తే నామోషీ కాబోలు అనుకున్నాడు మొగిలి.

మర్నాడు పొద్దున ఉతికిన అంగీ తొడుక్కుని, ఆటో ఎక్కి, దారి అడుగుతూ అడుగుతూ ఆ ఆఫీసుకు చేరాడు. పెద్ద హాలు. కంప్యూటర్ల ముందు ఒక్కరూ కూర్చుని లేరు. నల్లద్దాలు కళ్లకు కట్టుకున్న పిల్లలు నిలబడి వంగుతున్నారు, లేస్తున్నారు, ఉత్త చేతులతో ఏదో బరువు మోస్తున్నారు. మొగిలికి ఏమీ అర్థం కాలేదు.

అనూష వాళ్ల సారు రమాకాంత్ బయటికొచ్చాడు. మొగిలి తువ్వాల చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు.

“సారూ, నా బిడ్డ ఏం తప్పు చేసిందో నాకెరుక లేదు. ఈ ఒక్కపారి మాఫ్ చేయుండ్లి.”

రమాకాంత్ అతని ముఖం వంక చాలాసేపు చూశాడు, ముందే ఎరిగిన ముఖాన్ని చూసినట్టు.

“ఎనుకకు జరుగు, మిషిన్ ఖరాబైతదని ఇక్కడ మేమందరం ఆమెకు మొత్తుకున్నం పెద్దమనిషీ, ఇప్పుడు బస్తా ఇడిస్తె మా బాపు నెత్తి మీద పడ్తదని నీ బిడ్డ చేతులు దించలే.”